పెరటి ఇంటికి ఇంటర్నెట్: మొబైల్ రౌటర్ పెట్టుకోవడం ఎలా?

సిడ్నీకి పడమట, లివర్‌పూల్ చుట్టుపక్కల, ఫిజీ నుంచి వచ్చిన మన కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ ఎన్నో ఇళ్ల వెనక పెరట్లో మరో చిన్న ఇల్లు కనిపిస్తుంది. దాన్ని గ్రానీ ఫ్లాట్ అంటారు. ముందు ఇంట్లో కొడుకు, కోడలు, పిల్లలు ఉంటారు. పెరటి ఇంట్లో అవ్వ, తాత ఉంటారు. ఇంటర్నెట్ తీగ మాత్రం ముందు ఇంటికే వస్తుంది. దాని వైఫై ఇటుక గోడలు దాటి పెరటి చివరి దాకా సరిగ్గా చేరదు. అవ్వ లౌటోకాలో ఉన్న చెల్లెలితో మాట్లాడుతూ ఉంటే బొమ్మ ఆగిపోతుంది, మాట మధ్యలో తెగిపోతుంది. మూడుసార్లు అలా జరిగితే, నాలుగోసారి అవ్వ ఫోన్ చేయడమే మానేస్తుంది.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ మన ఇళ్లలో తెలుగు బాగా వచ్చినవాళ్లు పెద్దవాళ్లే. వాళ్ల మాట మనకు అందే దారి బాగుండాలి. అందుకే ఈ వ్యాసంలో మొబైల్ రౌటర్ గురించి మొదటి నుంచి చివరి దాకా చెప్పుకుందాం. దానితోపాటు, ఆ పని చేస్తూ ఇంట్లో మాట్లాడుకోగల కొన్ని తెలుగు మాటలు కూడా నేర్చుకుందాం.

సముద్రం అడుగున తీగ

మన పూర్వీకుల కథలో కూడా ఒక తీగ ఉంది. 1902లో పసిఫిక్ సముద్రం అడుగున టెలిగ్రాఫ్ తీగ వేయడం పూర్తయింది. అది కెనడాలో మొదలై, ఫానింగ్ దీవి మీదుగా ఫిజీలోని సువాకు వచ్చింది. అక్కడి నుంచి నార్‌ఫోక్ దీవికి వెళ్లి, ఒక కొమ్మగా ఆస్ట్రేలియాలోని సౌత్‌పోర్టును, ఇంకో కొమ్మగా న్యూజీలాండ్‌ను చేరింది. ఆ మరుసటి ఏడాది, 1903లో, మద్రాసు నుంచి ఫిజీకి గిర్మిట్ ఓడలు మొదలయ్యాయి. కృష్ణా, గోదావరి, విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు జిల్లాలవాళ్లు ఆ ఓడలు ఎక్కారు. 1879 నుంచి 1916 వరకు ఫిజీకి వచ్చిన గిర్మిటియాలు 60 వేలకు పైగా ఉన్నారు. వాళ్లలో దాదాపు పావు వంతు దక్షిణాదివాళ్లు.

అంటే మనవాళ్లు సువాలో దిగేనాటికే అక్కడ తీగ ఉంది. వార్త కొన్ని గంటల్లో లండన్‌కు వెళ్లేది. కానీ టెలిగ్రాముకు మాటకు ఇంత అని డబ్బు కట్టాలి. చెరుకు తోటలో రోజుకూలీ చేసే మనిషికి అది అందే వస్తువు కాదు. ఉత్తరం ఓడ మీద వెళ్లాలి, జవాబు ఓడ మీద రావాలి. ఎంతోమందికి రాయడం రాదు. రాయించుకోవాలంటే రాసిపెట్టేవాడు దొరకాలి. తీగ పక్కనే ఉన్నా, మాట మాత్రం చేరలేదు.

2000లో సదరన్ క్రాస్ అనే ఫైబర్ తీగ ఆస్ట్రేలియాను, ఫిజీని, హవాయిని, అమెరికాను కలిపింది. ఈనాడు సిడ్నీ నుంచి ఫిజీకి చేసే వీడియో కాల్ ఇలాంటి సముద్రపు తీగల మీదే వెళ్తుంది. ఇంటి నుంచి టవర్ వరకు ఉన్న కొద్ది దూరమే గాలిలో. ఆ కొద్ది దూరాన్ని చక్కగా దాటించడమే మొబైల్ రౌటర్ పని.

మొబైల్ రౌటర్ అంటే ఏమిటి?

మీ ఫోన్‌లో సిమ్ ఉంటుంది. ఫోన్ టవర్‌తో మాట్లాడుతుంది. మొబైల్ రౌటర్‌లో కూడా సిమ్ ఉంటుంది. అది టవర్ నుంచి ఇంటర్నెట్ తీసుకుని, ఇంట్లో వైఫైగా పంచుతుంది. ఇంటికి తీగ అక్కర్లేదు, గోడకు కన్నం అక్కర్లేదు.

ఇవి రెండు రకాలు. ఒకటి బ్యాటరీ ఉన్న చిన్న రకం. జేబులో పడుతుంది, ప్రయాణాల్లో పనికొస్తుంది. రెండోది ప్లగ్గులో పెట్టే పెద్ద రకం. దీని యాంటెన్నాలు పెద్దవి, సిగ్నల్ బాగా పట్టుకుంటుంది. ఇంటికి రెండో రకమే మంచిది.

కొనే ముందు ఒక మాట ఆలోచించండి. ముందు ఇంట్లో ఎన్‌బీఎన్ కనెక్షన్ బాగా పనిచేస్తుంటే, అక్కడి నుంచి పెరటి ఇంటికి ఒక నెట్‌వర్క్ తీగ వేయించవచ్చు. లేదా వైఫైని దూరం పంపే మెష్ పెట్టెలు పెట్టవచ్చు. వాటికి ఒకసారి ఖర్చు పెడితే చాలు, నెలనెలా మరో బిల్లు ఉండదు. అవి కుదరనప్పుడు, అద్దె ఇంట్లో ఉన్నప్పుడు, లేదా ఎన్‌బీఎన్ ఇంకా పెట్టించుకోనప్పుడు మొబైల్ రౌటర్ సరైన మార్గం.

కొనే ముందు నాలుగు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: మా ఇంట్లో ఏ కంపెనీ సిగ్నల్ బాగుంది? ఆస్ట్రేలియాలో సొంత టవర్ల నెట్‌వర్క్‌లు మూడు: టెల్‌స్ట్రా, ఆప్టస్, వొడాఫోన్. మిగతా చిన్న కంపెనీలు ఈ మూడింటిలో ఒకదాన్ని వాడుకుంటాయి. కంపెనీల మ్యాపులు చూడండి, కానీ మ్యాపును మాత్రమే నమ్మకండి. ఆ నెట్‌వర్క్ సిమ్ ఉన్న ఫోన్‌ను పెరటి ఇంట్లోకి తీసుకెళ్లి, వైఫై ఆపేసి, వీడియో కాల్ చేసి చూడండి. పొద్దున ఒకసారి, రాత్రి 7 నుంచి 11 గంటల మధ్య ఒకసారి చూడండి. రాత్రి అందరూ ఇంటర్నెట్ వాడతారు కాబట్టి వేగం తగ్గుతుంది. రాత్రి కూడా బాగుంటే ఆ నెట్‌వర్క్ మీకు సరిపోతుంది.

రెండో ప్రశ్న: ఈ రౌటర్ 4జీదా, 5జీదా, పాత 3జీదా? ఆస్ట్రేలియాలో 3జీ ఇప్పుడు లేదు. వొడాఫోన్ 2024 మొదట్లోనే ఆపేసింది. టెల్‌స్ట్రా, ఆప్టస్ 2024 అక్టోబరు 28 నుంచి ఆపడం మొదలుపెట్టాయి. ఎవరో ఇచ్చిన పాత 3జీ రౌటర్ ఇక పనిచేయదు. విదేశాల నుంచి తెచ్చిన రౌటర్ అయితే, అది 700 మెగాహెర్ట్జ్ బ్యాండును పట్టుకుంటుందో లేదో చూడండి. దాన్ని బ్యాండ్ 28 అంటారు. ఒకప్పుడు టీవీ ప్రసారాలు ఈ బ్యాండులో వచ్చేవి. 2013 చివరికి పాత టీవీ ప్రసారాలు ఆగిపోయాయి, 2015 నుంచి అది 4జీకి వచ్చింది. ఈ తరంగాలు దూరం వెళ్తాయి, గోడలను కొంత బాగా దాటుతాయి. ఊరి చివర ఉన్నవాళ్లకు ఇది ముఖ్యం.

మూడో ప్రశ్న: రౌటర్‌కు తాళం ఉందా? కొన్ని రౌటర్లు అమ్మిన కంపెనీ సిమ్‌తోనే పనిచేస్తాయి. తాళం లేని రౌటర్ కొంటే రేపు కంపెనీ మార్చుకోవచ్చు. అలాగే "హోమ్ ఇంటర్నెట్" పేరుతో ఇచ్చే కొన్ని ప్లాన్లు ఒకే చిరునామాలో పనిచేస్తాయి. ఇల్లు మారితే ముందుగా కంపెనీకి చెప్పాలి.

నాలుగో ప్రశ్న: నెలకు ఎంత డేటా కావాలి? లెక్క కష్టమేమీ కాదు. మామూలు వీడియో కాల్‌కు గంటకు సుమారు 1 జీబీ అనుకోండి. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం, మామూలు నాణ్యతలో సినిమాకు గంటకు 1 జీబీ వరకు, హెచ్‌డీలో 3 జీబీ వరకు అవుతుంది. అవ్వ రోజుకు ఒక గంట కాల్ మాట్లాడితే నెలకు 30 జీబీ. రాత్రి రెండు గంటలు హెచ్‌డీ సినిమా చూస్తే నెలకు మరో 180 జీబీ. మొత్తం 210 జీబీ. సినిమాను మామూలు నాణ్యతలో చూస్తే అదే మొత్తం 90 జీబీకి దిగుతుంది. డేటా అయిపోయాక వేగం తగ్గిస్తారా, ఆపేస్తారా, ఎక్కువ డబ్బు తీసుకుంటారా? ఇది కొనే ముందే అడగండి.

పెట్టే పద్ధతి

ఒకటి. సిమ్ కొనేటప్పుడు గుర్తింపు పత్రం చూపించాలి. అవ్వ పేరు మీద తీసుకుంటే అవ్వ దగ్గర ఉండాలి. సిమ్‌ను యాక్టివేట్ చేయండి.

రెండు. రౌటర్ ఆపి ఉన్నప్పుడే సిమ్ పెట్టండి. సిమ్ ఒక మూల కోసినట్టు ఉంటుంది. పెట్టే చోట కూడా అలాంటి బొమ్మ ఉంటుంది. రెండూ ఒకేలా ఉండేట్టు, "టిక్" మనేదాకా మెల్లగా నొక్కండి.

మూడు. ప్లగ్ పెట్టి స్విచ్ వేయండి. రెండు మూడు నిమిషాలు ఆగండి. దీపాలు వెలుగుతాయి. ఏ రంగు దీపానికి ఏ అర్థమో రౌటర్‌తో వచ్చిన కాగితంలో ఉంటుంది.

నాలుగు. రౌటర్ అడుగున ఒక చీటీ అంటించి ఉంటుంది. దాని మీద వైఫై పేరు, పాస్‌వర్డ్ ఉంటాయి. ఫోన్‌లో ఆ పేరు ఎంచుకుని, పాస్‌వర్డ్ కొట్టండి. ఇంటర్నెట్ వస్తే సగం పని అయిపోయినట్టే.

ఐదు. ఇంటర్నెట్ రాకపోతే రౌటర్ సెట్టింగుల పేజీ తెరవాలి. బ్రౌజర్‌లో 192.168.0.1 లేదా 192.168.1.1 లేదా 192.168.8.1 కొట్టండి. మీ రౌటర్‌కు ఏది సరైనదో ఆ చీటీ మీదే ఉంటుంది. అక్కడ ఏపీఎన్ అనే గడి ఉంటుంది. ఏపీఎన్ అంటే కంపెనీ ఇంటర్నెట్‌లోకి వెళ్లే వాకిలి పేరు. చాలాసార్లు రౌటరే దాన్ని రాసుకుంటుంది. రాసుకోకపోతే కంపెనీని అడిగి, ఒక్క అక్షరం కూడా తప్పు లేకుండా కొట్టండి.

ఆరు. అదే పేజీలో రెండు పాస్‌వర్డులు మార్చండి. ఒకటి వైఫై పాస్‌వర్డ్. రెండోది ఆ సెట్టింగుల పేజీ పాస్‌వర్డ్. చాలామంది మొదటిది మార్చి రెండోదాన్ని మరిచిపోతారు. ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు తెలుగు మాటలు పక్కపక్కన రాస్తే మంచి పాస్‌వర్డ్ అవుతుంది. మామిడి, పడవ, చెరుకు, వెన్నెల లాంటివి. ఇక్కడ అచ్చయిన ఈ నాలుగు మాత్రం వాడకండి, మీ సొంత మాటలు ఎంచుకోండి. పొడుగ్గా ఉంటుంది, అవ్వకు గుర్తుంటుంది.

ఏడు. భద్రత అన్న చోట డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఎంచుకోండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉంటే చేయండి.

ఎక్కడ పెట్టాలి?

ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. మంచి రౌటర్‌ను చెడ్డ చోట పెడితే డబ్బు దండగ.

ఇక్కడి ఇళ్లకు రేకు కప్పులు ఎక్కువ. గోడల్లో, కప్పు కింద వేడి రాకుండా వెండి రంగు రేకు కాగితం వేస్తారు. ఈ లోహం ఎండను ఆపినట్టే సిగ్నల్‌ను కూడా ఆపుతుంది. అందువల్ల సిగ్నల్ ఎక్కువగా కిటికీల గుండానే లోపలికి వస్తుంది. రౌటర్‌ను కిటికీ దగ్గర, నేల మీద కాకుండా ఎత్తున పెట్టండి. ఫ్రిజ్, మైక్రోవేవ్, చేపల తొట్టె పక్కన పెట్టకండి. టీవీ వెనక దాచకండి. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడే చోట కూడా వద్దు, వేడెక్కితే వేగం తగ్గుతుంది.

ఏ కిటికీ మంచిదో ఊహించనక్కర్లేదు. సెట్టింగుల పేజీలో ఆర్‌ఎస్‌ఆర్‌పీ అనే అంకె కనిపిస్తుంది. దాని ముందు మైనస్ గుర్తు ఉంటుంది. మైనస్ 80 చాలా మంచిది. మైనస్ 100 ఫరవాలేదు. మైనస్ 110 దాటి పెద్ద అంకె అయితే బలహీనం. అంటే అంకె సున్నాకు దగ్గర అయిన కొద్దీ సిగ్నల్ బాగున్నట్టు. ఒక్కో కిటికీ దగ్గర రెండు నిమిషాలు పెట్టి, అంకె కాగితం మీద రాసుకోండి. పిల్లలకు ఇది ఆటలా ఉంటుంది.

అన్ని కిటికీల దగ్గరా బలహీనంగా ఉంటే బయట యాంటెన్నా పెట్టించవచ్చు. దానికి రౌటర్‌లో యాంటెన్నా పెట్టే చోటు ఉండాలి. ఆన్‌లైన్‌లో చౌకగా దొరికే సిగ్నల్ బూస్టర్లు మాత్రం కొనకండి. మొబైల్ కంపెనీ అనుమతి లేని బూస్టర్ వాడటం ఆస్ట్రేలియాలో నేరం. అది పక్కవాళ్ల కాల్స్‌ను కూడా చెడగొడుతుంది.

ఇంటి లోపల వైఫైకి కూడా రెండు దారులు ఉంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళ్తుంది, వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, గోడ అడ్డం వస్తే తగ్గిపోతుంది. రౌటర్ ఉన్న గదిలో 5, పక్క గదిలో 2.4 వాడండి. ఈ వేగవంతమైన వైఫైకి సిడ్నీతో సంబంధం ఉంది. సీఎస్‌ఐఆర్‌ఓ అనే ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థలో జాన్ ఒసల్లివన్, ఆయన తోటివాళ్లు ఇక్కడే పనిచేశారు. గోడలకు తగిలి చెదిరిపోయే రేడియో తరంగాల సమస్యకు వాళ్లు ఒక పరిష్కారం కనిపెట్టారు. దానికి 1996లో అమెరికా పేటెంట్ వచ్చింది.

కరెంటు పోతే?

ప్లగ్గులో పెట్టే రౌటర్ కరెంటు పోగానే ఆగిపోతుంది. కాబట్టి పెద్దవాళ్లు రౌటర్ ఒక్కదాన్నే నమ్ముకుని ఉండకూడదు. మంచం పక్కన ఛార్జి ఉన్న మొబైల్ ఫోన్ ఎప్పుడూ ఉండాలి.

ఆపద వస్తే 000కు కాల్ చేయాలి. వాట్సాప్ నుంచి ఈ కాల్ వెళ్లదు, మామూలు ఫోన్ కాల్ చేయాలి. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా, అక్కడ వేరే కంపెనీ సిగ్నల్ ఉంటే ఫోన్ దాని ద్వారా 000కు కాల్ కలుపుతుంది. ఇంగ్లీషు రాకపోతే "పోలీస్", "ఫైర్", "అంబులెన్స్" అనే మూడు మాటల్లో కావలసినది చెప్పి, తర్వాత "తెలుగు" అనాలి. దుబాసీని కలుపుతారు. ఈ నాలుగు మాటలు అవ్వ చేత ఒకసారి అనిపించండి.

మెడలో వేసుకునే అత్యవసర బొత్తాం ఉన్నవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. అది దేని మీద పనిచేస్తుందో ఇచ్చినవాళ్లను అడగండి. పాత టెలిఫోన్ తీగ మీదా, సొంత సిమ్ మీదా? 3జీ మీద పనిచేసేది అయితే ఈపాటికి ఆగిపోయి ఉంటుంది. బొత్తాం నొక్కి పరీక్షించకుండా పాత కనెక్షన్ తీసేయకండి.

చిక్కు వస్తే ఎవరికి చెప్పాలి?

బిల్లు తప్పుగా వచ్చినా, చెప్పిన వేగం రాకపోయినా మొదట కంపెనీకే ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదు నంబరు రాసుకోండి. వాళ్లు పరిష్కరించకపోతే టెలికమ్యూనికేషన్స్ ఇండస్ట్రీ అంబుడ్స్‌మన్‌కు చెప్పవచ్చు. నంబరు 1800 062 058. దీనికి డబ్బు కట్టనక్కర్లేదు. తెలుగులో మాట్లాడాలంటే 131 450కు కాల్ చేసి దుబాసీని అడగండి.

మోసగాళ్ల సంగతి కూడా పెద్దవాళ్లకు చెప్పండి. "మీ ఇంటర్నెట్ ఇవాళ ఆగిపోతుంది, ఈ యాప్ పెట్టుకోండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే, జవాబు ఒక్కటే. పెట్టేయాలి. యాప్ కాదు, ఫోన్!

పని చేస్తూ మాట్లాడదాం

రౌటర్ పెట్టడం అరగంట పని. ఆ అరగంటను తెలుగు పాఠంగా మార్చవచ్చు. మనవరాలు, అవ్వ ఇలా మాట్లాడుకోవచ్చు.

"అవ్వా, ఈ పెట్టెను కిటికీ దగ్గర పెడుతున్నాను."

"జాగ్రత్త తల్లీ, కింద పడుతుంది."

"దీపం వెలిగిందా అవ్వా?"

"వెలిగింది. పచ్చగా వెలిగింది."

"ఇప్పుడు నేను ముందు ఇంట్లోకి వెళ్లి ఫోన్ చేస్తాను. నా మాట వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది. నీ మొహం కూడా కనిపిస్తోంది."

ఇక్కడ రెండు క్రియలు గమనించండి. మనం ప్రయత్నించి చేసేది వినడం, చూడటం. మన ప్రయత్నం లేకుండా మన దాకా వచ్చేది వినిపించడం, కనిపించడం. "నేను వింటున్నాను" అంటాం. కానీ "నాకు వినిపిస్తోంది" అనాలి, "నేను వినిపిస్తోంది" అనకూడదు. అలాగే "సిగ్నల్ అందడం లేదు" అన్న వాక్యం నేర్చుకోండి. అందడం అంటే చేతికి చిక్కేంత దగ్గరికి రావడం. చెట్టు మీది కాయ అందుతుంది, పంపిన ఉత్తరం అందుతుంది, సిగ్నల్ కూడా అందుతుంది.

మరో సంగతి. అవ్వను చనువుగా "నువ్వు" అనవచ్చు. కానీ ఫోన్‌లో అవతల ఉన్న పెద్దవాళ్లతో మీకు అంత చనువు లేకపోతే "మీరు" అనండి. "మీకు వినిపిస్తోందాండీ?" అని అడగండి. ఇంట్లో "ఆజీ" అని పిలిచే అలవాటు ఉంటే అలాగే పిలవండి. అది మన ఫిజీ ఇళ్ల మాట. మిగతా వాక్యం తెలుగులో చెబితే చాలు.

మొదటి కాల్‌లో ఏం అడగాలి?

ఫిజీకి కాల్ చేసేటప్పుడు గడియారం చూసుకోండి. శీతాకాలంలో సిడ్నీ కంటే ఫిజీ రెండు గంటలు ముందుంటుంది. మన వేసవిలో ఒక గంటే తేడా. ఆంధ్రలో చుట్టాలు దొరికినవాళ్లకు లెక్క వేరు. శీతాకాలంలో మనకు సాయంత్రం 6 అయితే అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర.

కాల్ బాగా కలిసిన రోజున పెద్దవాళ్లను ఒక ప్రశ్న అడగండి: "ఓడ ఎక్కిన మన తాత ఏ ఊరివాడు?" ఓడ ఎక్కిన ప్రతి గిర్మిటియా పేరున ఒక పాస్ ఉండేది. దాని మీద జిల్లా పేరు, ఊరి పేరు, తండ్రి పేరు రాసేవారు. ఆ పాసుల రికార్డులు సువాలో, ఫిజీ జాతీయ పత్రాగారంలో ఉన్నాయి. కానీ ఊరి పేర్లను ఇంగ్లీషు గుమాస్తాలు విన్నట్టు రాశారు. ఆ రాత చదివి అసలు పేరు పట్టుకోవడం కష్టం. ఇంట్లో పెద్దవాళ్లు పలికే తీరు తెలిస్తే ఆ చిక్కు ముడి తొందరగా విప్పవచ్చు. అందుకని ఆ పేరును వాళ్ల నోటితోనే చెప్పించుకోండి, వాళ్లు ఒప్పుకుంటే రికార్డు చేసుకోండి. రౌటర్ మళ్లీ కొనుక్కోవచ్చు. ఆ గొంతు మళ్లీ దొరకదు.